కొత్తవాడ జంపఖానాలో పంతొమ్మిదో పేరు

దెయ్యాల సంగతులు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ చులకన. మా వరంగల్ కొత్తవాడలో మగ్గాలెక్కువ, మగ్గాల గదుల్లో చీకటి మూలలెక్కువ, వాటి మీద కథలు ఇంకా ఎక్కువ. ఒకసారి మా వెనకింటి మగ్గం దానంతట అదే చప్పుడు చేస్తోందని వాడకట్టంతా హడలిపోతే, నేను పోయి పడుగు కింద కాపురం పెట్టిన పందికొక్కును పట్టి అందరికీ చూపించాను. ఆ తరువాత చాలాకాలం నా ముందు ఎవరూ అలాంటి మాట ఎత్తలేదు.

కాబట్టి ఇప్పుడు నేను చెప్పేది విని ఎవరైనా నవ్వితే నాకు కోపం రాదు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ నవ్వేవాణ్ణి. ఇది నా మగ్గం మీద, నా చేతులతో జరిగింది గనుక జరిగినది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి సంవత్సరం. నాకప్పుడు ముప్పై ఆరేళ్ళు. మేము జంపఖానాలు నేస్తాం. పెళ్ళిళ్ళలో, సభల్లో జనం కూర్చోవడానికి పరిచే మందపాటి నూలు పట్టలు. టెంటు సామాను అద్దెకిచ్చేవాళ్ళు తమ జంపఖానా ఇంకొకరి దాంట్లో కలిసిపోకుండా అంచులో తమ పేరు నేయించుకునేవారు. ఆ పేర్లు నేయడంలో నాకు మా వాడలో కాస్త పేరుండేది. రంగు పూసి రాయడం కాదు, దారంతోనే అక్షరం పుట్టించడం. గళ్ళ కాగితం మీద అక్షరాలు గీసుకుని, ఏ గడికి ఎన్ని పడుగు పోగులో లెక్క కట్టుకుని, అక్కడికి ఎర్ర దారం, ఇక్కడికి తెల్ల దారం వేసుకుంటూ పోవాలి. ఒక్క పోగు తప్పినా అక్షరం కుంటిదవుతుంది. నాకు తప్పేది కాదు. గొప్పకి చెప్పడం లేదు, ముందు ముందు ఈ సంగతి అవసరం పడుతుంది.

మా ఇంట్లో కండెలకు దారం చుట్టడానికి సారమ్మ అనే ఆమె వచ్చేది. యాభై దాటిన మనిషి. డోర్నకల్ దిక్కు పల్లె ఆమెది. అత్తామామలు పోయాక ఇక్కడున్న చెల్లెలి ఆసరాతో కొత్తవాడకు వచ్చి, మా ఇంటి వెనక సందులో ఒక గదిలో ఉండేది. పదకొండేళ్ళుగా మా ఇంట్లోనే పని. మేమంతా సారక్క అనేవాళ్ళం.

సారక్క నుదుట పావలా అంత కుంకుమ బొట్టు, చేతుల నిండా గాజులు, కాళ్ళకి మెట్టెలు. భర్త మాత్రం లేడు. పెద్ద యుద్ధం జరుగుతున్నప్పుడు ఊరి దొర గడీలో వెట్టి చాకిరి పడలేక, పల్టన్‌లో చేరతానని చెప్పి తెల్లవారకముందే డోర్నకల్ పోయి రైలెక్కాడట. అప్పటికి ఆమెకు పదహారేళ్ళు. మనిషీ రాలేదు, జాబూ రాలేదు. యుద్ధం అయిపోయింది, నిజాం పోయాడు, దొర కూడా పోయాడు. సారక్క బొట్టు తీయలేదు. పోయినట్టు ఎవరూ చెప్పలేదు కదా, ఎందుకు తీయాలి అనేది.

వాడకట్టు ఆడవాళ్ళు ఆమెను ఆటపట్టించేవారు. నీ మొగడు బర్మా పిల్లను చేసుకుని అక్కడే ఉన్నాడే అనేవారు. దానికి సారక్క చేతిలో రాట్నం ఆపకుండానే జవాబిచ్చేది.

"చేసుకుంటె చేసుకోనీ. ఆమెను గూడ తీస్కరమ్మను. ఇద్దరికీ నేనే వండిపెడుత."

అందరూ నవ్వేవారు. ఆమె మాత్రం నవ్వులాటకు అన్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

ఈ పదకొండేళ్ళలో ఆమె భర్త పేరేమిటో మాకు తెలియదు. ఆమె చెప్పదు. మా పెద్దవాళ్ళలో భార్య భర్త పేరు నోట పలకకూడదనే పట్టింపు ఉండేది, పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని. మిగతా ఆడవాళ్ళకు అది మర్యాద. సారక్కకు అది ప్రాణం. ఎక్కడో బతికున్న మనిషిని ఆ పేరు దాచిపెట్టి తానే కాపాడుతున్నానన్నట్టు ఉండేది. ఓటరు లిస్టు రాయడానికి వచ్చిన పంతులు భర్త పేరు అడిగితే, తండ్రి పేరు రాసుకొమ్మని పంపేసింది.

ఆ ఏడాది ఎండాకాలం చివర్లో మౌలాలి సాబ్ అనే ఆయన మా ఇంటికి వచ్చాడు. వర్ధన్నపేట వైపు పల్లె. బర్మాలో యుద్ధం చేసి హవల్దారుగా రిటైరై వచ్చిన మనిషి. అరవై దాటినా నిటారుగా నడిచేవాడు. ఆయనా, చుట్టుపక్కల ఊళ్ళలో మిగిలిన మరో ముగ్గురు పాత సిపాయిలూ కలిసి, తమ ప్రాంతం నుంచి పోయి ఆ యుద్ధంలో చచ్చిపోయినవాళ్ళ పేర్లు పోగు చేశారు. పంతొమ్మిది మంది తేలారు. పదకొండు ఊళ్ళు. మొదట రాయి చెక్కించి నిలబెడదామనుకున్నారట. మా ఊళ్ళో పెట్టాలంటే మా ఊళ్ళో పెట్టాలని కొట్టుకుని ఆర్నెల్లు మాటలు మానేశారు.

"రాయి నడువది సాంబయ్యా, బట్ట నడుస్తది" అన్నాడు మౌలాలి సాబ్. "ఒక్కొక్క ఏడు ఒక్కొక్క ఊరికి తీస్కపోతం. గోడకు కడ్తం. పేర్లు సదివిపిస్తం. అంతే."

జంపఖానా మీద జనం కూర్చుంటారు, పేర్ల మీద ఎవరు కూర్చుంటారు సాబ్ అన్నాను నేను. కూర్చునే దానికి కాదు, నిలబెట్టే దానికి నెయ్యి అన్నాడు. అలాంటిది అంతకుముందు ఎవరూ నేయించుకోలేదు. నేను ఒప్పుకున్నాను.

ఆ లిస్టు ఆయన ఉర్దూలో రాసుకున్నాడు. ఒక్కొక్క పేరూ, ఊరూ ఆయన చదువుతుంటే నేను తెలుగులో రాసుకున్నాను. సారక్క గుమ్మం పక్కన కండెలు చుడుతూ ఉంది. సగం లిస్టు అయ్యేసరికి ఆమె రాట్నం ఆగిపోయింది. లేచి వచ్చి, కొంగు భుజం మీదుగా కప్పుకుని నిలబడింది. మళ్ళీ మొదటి నుంచి చదవమని నాతో అడిగించింది.

మౌలాలి సాబ్ విసుక్కోకుండా మళ్ళీ మొదలుపెట్టాడు. సారక్క కళ్ళు మూసుకుని, కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని వింది. ఒక్కొక్క పేరు అవుతుంటే చెయ్యి కొంచెం కిందికి దిగేది, మళ్ళీ బిగుసుకునేది. చివరి పేరు మల్లయ్య. దానికి ఊరు లేదు. ఆ మనిషి తన సిపాయి టుకడీలోనే కచ్చరాలు, అంటే సామాను బండ్లు, తోలేవాడనీ, ఊరి పేరడిగితే మాట మార్చేవాడనీ, వరంగల్ జిల్లా అని తప్ప తెలియదనీ చెప్పాడు సాబ్.

చదవడం అయిపోయింది. సారక్క కళ్ళు తెరిచింది.

"లేదు" అంది. ముఖమంతా నవ్వు. "మా ఆయన లేడు తమ్మీ ఇండ్ల."

మీ ఆయన పేరు చెప్పమ్మా, మిగతా సిపాయిలను కూడా అడిగి చూస్తానన్నాడు మౌలాలి సాబ్. ఆమె తల దించుకుంది. నా భార్య, ఆమె చెప్పదు సాబ్ అని నవ్వింది. సరే, అందరం కలిసే రోజు నువ్వూ రా, గుర్తులు చెప్పి అడుగుదువుగాని అన్నాడాయన.

"లిస్టుల లేనోడు యాడ్నో బత్కి ఉండొచ్చు బిడ్డా. ఫికర్ జెయ్యకు."

ఆ రోజు ఆమె పని మధ్యలో వదిలేసి పోయి, మా పిల్లలకు బెల్లం కొనుక్కొచ్చి పంచింది.

నేను పని మొదలుపెట్టాను. ఇక్కడ మా పనితనం గురించి ఒక్క ముక్క చెప్పాలి. జంపఖానాను కింది అంచు నుంచి పైకి నేస్తాం. అందుకని లిస్టులో చివరి పేరు ముందు మగ్గం మీదికి వస్తుంది. అక్షరం కూడా కాళ్ళ దగ్గర పుట్టి తలకట్టు దగ్గర ముగుస్తుంది. పేరులోని అక్షరాలన్నీ ఒకేసారి, ఒక్కొక్క వరుసగా పైకి లేస్తాయి. నేసిన మేర నేసినట్టు కింది కర్రకు చుట్టేస్తాం. చుట్టాక మళ్ళీ కనబడదు, మొత్తం కోసి దించినప్పుడే.

అంటే నేను మొట్టమొదట నేసింది మల్లయ్య పేరు. గళ్ళ కాగితం మీద ఆ నక్షా నేనే గీశాను. పేరు జంపఖానాకు సరిగ్గా నడుమ రావాలి గనుక, పేరు ఎన్ని గళ్ళో లెక్కబెట్టి, మిగిలిన గళ్ళను రెండుగా పంచి, అటు ఇన్ని ఇటు ఇన్ని అని వదులుకున్నాను. ఒక్కొక్క వరుస నేయగానే కాగితం మీద ఆ వరుసను పెన్సిల్‌తో కొట్టేయడం నా అలవాటు. మల్లయ్య పేరు నేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. రెండు రోజులూ పగలే. ఒంట్లో బాగానే ఉంది. నిద్ర తక్కువ లేదు. కల్లు నేను ముట్టను.

విశేషమంటూ ఒక్కటే. ఎర్ర దారం ఎంత కావాలో లెక్క చెప్పి సారక్కతో కండెలు చుట్టించాను. రెండో రోజు మధ్యాహ్నానికి అవి అయిపోయాయి. పేరు ఇంకా కొంచెం మిగిలే ఉంది. ఏమక్కా, తక్కువ చుట్టినవా అన్నాను. నువ్వు చెప్పినంత చుట్టిన అని ఆమె మూతి ముడుచుకుంది. ఇంకో కండె చుట్టి నా చేతికిచ్చింది. నా లెక్క తప్పిందేమో అనుకున్నాను. తప్పడం అరుదు గనుక గుర్తుంది.

మిగతా పద్దెనిమిది పేర్లూ నేయడానికి రెండు నెలలు దాటింది. వినాయక చవితి తరువాత వచ్చిన ఆదివారం సభ. ముందు రోజు మధ్యాహ్నం జంపఖానా కోసి దించాం. రెండు అంచులకూ కుచ్చులు ముడివేయాలి. పై అంచు నేనూ నా భార్యా ముందేసుకున్నాం. కింది అంచు సారక్క ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఆమెకు చదువు రాదు. ఒక్కొక్క ముడి వేసి, బట్టను అరచేత్తో రుద్ది, మళ్ళీ ఇంకో ముడి. ఆ పేరు ఆమె ఒళ్ళో ఒక పూటంతా ఉంది. నేను ఆ వైపు రాలేదు. ముడులు కాగానే చుట్టి తాడు కట్టేశాం. చివరిసారి పరిచి చూసుకోకపోవడం నా పొరపాటే, ఒప్పుకుంటాను.

ఆదివారం పొద్దున బస్సు మీద జంపఖానా వేసుకుని నేనూ, నాతో సారక్కా మౌలాలి సాబ్ ఊరికి వెళ్ళాం. ఆమె కొత్త చీర కట్టుకుంది. దారి పొడుగునా నాతో ఒకే సంగతి. సిపాయిలను ఏమని అడగాలి, ఎట్లా మొదలుపెట్టాలి, నువ్వు పక్కన నిలబడు తమ్మీ అని.

ఊరి బడి ముందర పందిరి వేశారు. మేము చెట్టు కింద నీళ్ళు తాగి వచ్చేలోపు ఊరివాళ్ళు చేయవలసిన పనే చేశారు. జంపఖానా వచ్చిందంటే పరవడానికే కదా. తాడు విప్పి సగం పరిచేశారు. నలుగురు పెద్దమనుషులు దాని మీద బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. మౌలాలి సాబ్ దూరం నుంచి చూసి కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"లేవుండ్రి, లేవుండ్రి. మనుషుల మీద కూసున్నరు మీరు."

వాళ్ళు లేచి, ఎందుకు లేవమన్నాడో తెలిశాక వంగి ఆ బట్టను కళ్ళకద్దుకున్నారు. దాన్ని ఎత్తి బడి గోడకు కట్టాం. నేను నిచ్చెన మీద పై తాళ్ళు కడుతున్నాను. కింది భాగం నాకు కనబడలేదు.

సభ అంటే ఉపన్యాసాలేం లేవు. బడి పంతులు ఒక్కొక్క పేరూ జంపఖానా మీద చూసి చదవాలి. చదివినప్పుడు ఆ ఇంటివాళ్ళు లేచి వచ్చి, ఆ పేరు మీద చెయ్యి పెట్టి, కింద ఒక పువ్వు ఉంచాలి. మౌలాలి సాబ్ పెట్టిన పద్ధతి అది. ఒక ముసలామెను ఇద్దరు పట్టుకుని తెచ్చారు. కొడుకు పేరు మీద చెయ్యి పెట్టి తీయనే లేదు. వెనకవాళ్ళు ఆగారు. ఎవరూ తొందర చేయలేదు. ఒకాయన వచ్చి, ఈయన మా నాయిన, నేను పుట్టినంక చూడలే అని చెప్పి పువ్వు పెట్టాడు. నేను నేసింది అద్దె సామాను కాదని ఆ రోజు నాకు అర్థమైంది.

పద్దెనిమిది అయ్యాయి. పంతొమ్మిదో పేరుకు ఊరు లేదు, ఇంటివాళ్ళు లేరు. దానికి తానే పువ్వు పెడతానని మౌలాలి సాబ్ ముందే అనుకున్నాడు. చేతిలో బంతిపువ్వు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

పంతులు చదివాడు. "కొమురయ్య."

సాబ్ తల తిప్పాడు. "మల్లయ్య పంతులూ. మంచిగ సదువు."

"కొమురయ్య అనే ఉన్నది సాబ్. సూడుండ్రి."

అందరూ నా వైపు చూశారు. నేను నవ్వుకుంటూనే లేచాను, పంతులుకు కళ్ళజోడు కావాలని అనుకుంటూ. దగ్గరికి పోయి చూశాను. ఎర్ర దారంతో, నా చేతి పని, నా అక్షరాల వంపు. కొమురయ్య. నేను నేయలేదు అని నోరు తెరవబోయాను. నేను కాకపోతే ఎవరు నేస్తారు?

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి సారక్క లేచి వచ్చింది. నన్ను చూడలేదు. నేరుగా మౌలాలి సాబ్ ముందు నిలబడింది.

"సాబ్. గా మల్లయ్య అనేటాయనకు ఎడమ చేతి మీద పచ్చబొట్టు ఉండెనా?"

"ఉండె. తేలు."

"తోక?"

మౌలాలి సాబ్ ఆమె ముఖంలోకి చూశాడు. ఆయన గొంతు తగ్గిపోయింది.

"తోక లేదు. సూది నొప్పికి ఓర్వక నడుమల్నే లేచి ఉరికిన అని చెప్పి నవ్వేటోడు."

"జాతరల పొడిపించుకున్నం. ఇద్దరం" అంది సారక్క. గాజులు పైకి నెట్టి ఎడమ చెయ్యి చూపించింది. అక్కడ పాతబడి నీలంగా మారిన తేలు ఉంది. దానికి తోక ఉంది.

తరువాత ఆమె చెప్పింది మేమంతా నిలబడే విన్నాం. మల్లయ్య అంటే ఆమె బావగారు, భర్తకు అన్న. ఆమె పెళ్ళికి ముందే గత్తర, అంటే కలరా, తగిలి చచ్చిపోయాడు. భర్త వెళ్ళిపోయిన మూడేళ్ళకో ఏమో, మామ పేరు మీద సర్కారు జాబు ఒకటి వచ్చిందట. పట్వారీ చదివి, నీ కొడుకు మల్లయ్య లడాయిలో చచ్చిపోయిండట అన్నాడు. మామ పట్వారీని తిట్టాడు. నా మల్లయ్యను నా చేతులతోనే మట్టిచేసిన, ఇప్పుడు మళ్ళా సచ్చుడేంది అన్నాడు. ఎవరిదో మనకొచ్చింది అనుకుని జాబు తిప్పి పంపేశారు.

"నేను తలుపెనుక నిలవడి ఇన్న" అంది సారక్క. "నవ్విన గూడ."

దొర మనుషులు పట్టి వెనక్కి తేకుండా ఉండాలని ఆ మనిషి పల్టన్‌లో సొంత పేరు చెప్పలేదు. చచ్చిపోయిన అన్న పేరు చెప్పాడు. చచ్చినవాణ్ణి వెట్టికి ఎవడు పిలుస్తాడు? ఆ తెలివే ఆయన చావు కబురు ఇంటికి చేరకుండా చేసింది.

మౌలాలి సాబ్ మిగిలిన సంగతి చెప్పాడు. తూటా తగిలి కాదు. వానాకాలం ఒక వాగు దాటుతుంటే కచ్చరం జారింది. బండి పగ్గం తాడు వదలమని ఒడ్డు మీది నుంచి అందరూ అరిచారు. ఆయన వదలలేదు. రెండు మలుపుల కింద దొరికాడు. గుంత తీసి పెట్టింది మౌలాలి సాబే.

"మీదాంట్ల ఏం సదువాల్నో నాకు తెల్వది బిడ్డా. నాకచ్చిన ఫాతిహా సదివిన. తప్పైతె మాఫ్ చెయ్యి."

సారక్క ఆయన చేతిలోని బంతిపువ్వు తీసుకుంది. పేరు మీద చెయ్యి పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. "కొమురయ్యా" అంది. పిలిచినట్టే అంది. ముప్పై ఏడేళ్ళలో ఆమె ఆ పేరు పలకడం అదే మొదలు అయి ఉంటుంది. పువ్వు పెట్టింది. కన్నీరు లేదు. లేచి నా దగ్గరికి వచ్చింది.

"నీకెవలు చెప్పిండ్రు?"

నేను తెలియదక్కా అన్నాను. ఆమె నన్ను నమ్మలేదు. నమ్మదగ్గ మాట నేనేం అనలేదు కూడా.

సాయంత్రం బస్సుకు ముందు నేను ఒక్కణ్ణే బడి గోడ దగ్గరికి పోయి పంతులు దగ్గర టేపు తీసుకుని కొలిచాను. పేరుకు అటూ ఇటూ వదిలిన ఖాళీ పోగు తేడా లేకుండా సమానం. మల్లయ్య మూడక్షరాలు, కొమురయ్య నాలుగు. చెయ్యి తప్పి ఒక అక్షరం ఎక్కువ పడితే ఒక పక్క ఖాళీ తగ్గాలి. అలా లేదు. కొమురయ్య అనే నక్షా ముందుగా గీసుకుని, గళ్ళు లెక్కబెట్టి మొదలుపెడితే తప్ప అది అట్లా నడుమకు రాదు. ఇంటికి వచ్చి కాగితం వెతికాను. కాగితం మీద మల్లయ్య అనే ఉంది. ప్రతి వరుసా నా పెన్సిల్‌తో కొట్టేసి ఉంది. తక్కువ పడిన ఎర్ర కండె సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఎక్కువైన అక్షరానికి పట్టిన దారం అది.

తెలిసినవాళ్ళు చాలా కారణాలు చెప్పారు. కొమురెల్లి మల్లన్న అని దేవుడి పేరులో ఆ రెండూ మన నోట కలిసే వస్తాయి, నీ మనసు జారి ఉంటుంది అన్నారు. ఎప్పుడో ఎక్కడో ఆమె మొగడి పేరు నీ చెవిన పడే ఉంటుంది అన్నారు. పడిందే అనుకుందాం. లిస్టులో ఉన్న ఊరు లేని మల్లయ్యా, ఆమె మొగడూ ఒకటేనని నాకెట్లా తెలుస్తుంది? పక్కన పండి లేచిన మౌలాలి సాబ్‌కే తెలియదు. లిస్టు రెండుసార్లు విన్న సారక్కకే తెలియదు. లేక ఆమెకు లోపలెక్కడో తెలిసి కూడా ఒప్పుకోలేదేమో, ఆ సంగతి నేను అడగలేదు.

సారక్క మూడు వారాలు పనికి రాలేదు. నా భార్య అన్నం పట్టుకుపోతే తీసుకునేది, మాట్లాడేది కాదు. నేను పోతే తలుపు తీసేది కాదు. నేను చేసింది మేలా కీడా అని నాకు నిద్ర పట్టేది కాదు. ఎదురుచూపు ఒక్కటే ఆస్తిగా బతికిన మనిషి దగ్గర నుంచి దాన్ని నా చేతులు లాగేశాయి. అది నేను చేయలేదని చెప్పుకోవడానికి కూడా లేదు.

పెత్రమాస నాడు పొద్దున్నే వచ్చింది. చనిపోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చే రోజు అది. బొట్టు లేదు. చేటలో బియ్యం, బీరకాయలు, పప్పు తెచ్చి మా గుమ్మంలో పెట్టింది.

"నాకు కొడుకులు లేరు. నువ్వే ఇయ్యి తమ్మీ. పేరు రాసింది నువ్వే గద."

మాకూ వాళ్ళకూ చుట్టరికం లేదు, కులం ఒకటి కాదు. అయ్యగారు ఒక్క క్షణం నా ముఖం చూసి, పేరు చెప్పు అన్నాడు. నేను కొమురయ్య అని చెప్పి నీళ్ళు వదిలాను. సారక్క గోడకానుకుని చూస్తూ ఉంది. అయ్యగారు వెళ్ళిపోయాక నా భార్య ఆమెకు చాయ ఇచ్చింది. తాగి, గ్లాసు కింద పెట్టి, ఎవరితోనూ కానట్టు అంది.

"ఆయన పోయిన్నాటి సంది నేను దర్వాజకు గొళ్ళెం వెట్టలె. రాత్రి అస్తె తట్టుడెందుకని. నిన్న వెట్టుకున్న."

మరునాటి నుంచి మళ్ళీ పనికి వచ్చింది. కండెలు మునుపటిలాగే చుట్టేది. ఆ జంపఖానా ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఊరూరూ తిరిగింది. మౌలాలి సాబ్ పోయాక తిరగడం ఆగిపోయి, ఆయన ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉండిపోయింది. పేరు మార్చి నేయమని ఆయన ఎప్పుడూ అడగలేదు. అదే సరైన పేరు కదా అనేవాడు.

సారక్క ఎనభయ్యో దశకం చివర్లో పోయింది. దవాఖానలో నాలుగు రోజులు ఉంది. మూడో రోజు మధ్యాహ్నం నేను మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తుంటే, ఆమె నా మణికట్టు పట్టుకుంది. పట్టులో బలం లేదు.

"ఇప్పుడన్న చెప్పు తమ్మీ. నీకెవలు చెప్పిండ్రు? ఆయిన అచ్చిండా?"

అప్పుడు గాని నాకు తెలియలేదు, పదేళ్ళుగా ఆ ప్రశ్న వెనక ఆమె దేని కోసం ఎదురుచూస్తోందో. నన్ను నిలదీయడానికి కాదు ఆమె అడుగుతున్నది. ఆయన వచ్చాడని, నా మగ్గం దగ్గర నిలబడి తన పేరు తానే చెప్పాడని, అట్లాగైనా ఇంటి గుమ్మం దాకా వచ్చాడని నా నోట వినాలని. అవును అక్కా, వచ్చిండు అంటే సరిపోయేది. ఒక్క మాట. కానీ నేను దెయ్యాలను నమ్మనివాణ్ణి కదా, చూడనిది చూశానని చెప్పలేని మొండివాణ్ణి కదా.

"తెల్వదక్కా" అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలేసి గోడ వైపు తిరిగి పడుకుంది. మరునాడు పోయింది.

ఈ రోజుకీ నేను దెయ్యాలను నమ్మను. ఆ పేరు నా చేతుల్లోకి ఎట్లా వచ్చిందో కూడా చెప్పలేను. ఏటా పెత్రమాసకి మా పెద్దల పేర్ల తరువాత కొమురయ్య పేరు, ఆ తరువాత సారమ్మ పేరు చెప్పి బియ్యం ఇస్తున్నాను. ఇస్తున్నప్పుడల్లా, ఆ మధ్యాహ్నం ఆ ఒక్క అబద్ధం ఎందుకు చెప్పలేదా అని బాధపడుతూనే ఉన్నాను.